ఎవరి ముఖము? ఎవరి మాట?



మీ గ్రామములోని గుడిలో గాని, మీ యింటి గోడమీద గాని క్రీస్తు పటము ఒకటి యుండవచ్చును. అది క్యాలెండరుపై అచ్చయినదో, గుణదల ఉత్సవములలో కొన్నదో, ఎవరైనను అద్దము కట్టించి యిచ్చినదో కావచ్చును. ఒక్క నిమిషము దానిని మనస్సునకు తెచ్చుకొనుడు. భుజములవరకు దిగిన గోధుమవన్నె జుట్టు, తెల్లని చెంపలు, కొంచెము ప్రక్కకు తిరిగి పైకి చూచుచున్న కన్నులు. మీ పటము ఇట్టిదే అయినయెడల దాని పుట్టుక బెత్లెహేములో కాదు, అమెరికాలోని చికాగో నగరములో జరిగినది. వార్నర్ సాల్మన్ అను చిత్రకారుడు 1924లో ఒక సంఘపత్రికకొరకు బొగ్గుతో గీచిన బొమ్మను 1940లో తైలవర్ణములతో మరల చిత్రించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జేబులో ఇముడునట్టి చిన్న ప్రతులను అమెరికా సిపాయిలకు పంచిపెట్టిరి. ఇంతవరకు అచ్చయిన ప్రతులు యాబది కోట్లకు మించినవని చెప్పుదురు.

నాలుగు సువార్తలను మొదటినుండి చివరివరకు చదువుడు. ప్రభువు రంగు ఏమియో, ఎత్తు ఎంతయో, జుట్టు ఎట్టిదో ఒక్క మాటయు కనబడదు. జక్కయ్య పొట్టివాడని వ్రాసిన లూకా దీనిని వ్రాయక విడిచెను. ఆ ఖాళీని చిత్రకారులు తమ తమ వీధులలోని ముఖములతో నింపిరి. సాల్మన్ చేసినది తప్పని నేననను. తనకు తెలిసిన మనుష్యులలో తనకు మిక్కిలి సుందరుడుగా తోచిన వానిని అతడు చిత్రించెను. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, ఒక వీధివారి బొమ్మ అన్ని వీధులకును పోయి, ఇదియే అసలు రూపమన్నట్లు గోడలెక్కి కూర్చున్నది.

దీనివలన నష్టమేమి, పటమును చూచి ప్రార్థించువారము కాము గదా అని మీరనవచ్చును. పెద్దలకు నష్టము లేకపోవచ్చును. కాని చాపమీద కూర్చున్న పిల్లల సంగతి వేరు. పరిశుద్ధత తెల్లగా నుండునని ఆ పిల్లకు ఎవరును బోధింపలేదు, ఆమె చూచి నేర్చుకొన్నది. ఇంటికి పోయి సినిమా చూచినచో కథానాయిక తెలుపు, నవ్వులపాలగు పనిపిల్ల నలుపు. పెండ్లి మాటలు జరుగునప్పుడు పెద్దలు పిల్ల చామనచాయ అని గొంతు తగ్గించి చెప్పుదురు, ఏదో అప్పు ఉన్నదని ఒప్పుకొన్నట్లు. ముఖమును తెల్లబరచునని 1975నుండి మన దేశములో అమ్మిన ఒక క్రీము తన పేరులోని 'ఫెయిర్' అను మాటను 2020లో తీసివేసినది. పేరు మారినది గాని కొనువారి కోరిక మారినట్లు కనబడదు.

గోవాలో పుట్టిన ఆంజెలో ద ఫోన్సెకా (1902–1967) అను చిత్రకారుడు పూనాలో నివసించుచు మరియమ్మకు చీర కట్టి, మన దేశపు స్త్రీగా చిత్రించెను. ఆయన స్వంత ఊరివారే దానిని సహింపలేదు. వంగదేశములో జామినీ రాయ్ క్రైస్తవుడు కాకపోయినను పల్లెటూరి పటములు వ్రాయువారి పద్ధతిలో పెద్ద పెద్ద కన్నులతో క్రీస్తును చిత్రించెను. మన తెలుగు నేలమీద దోర్నకల్ దేవాలయము కలదు. బిషప్ అజరయ్యగారి కాలములో కట్టబడి 1939లో ప్రతిష్ఠింపబడిన ఆ గుడిలో హిందూ ఆలయపు తీరును మసీదు తీరును కలసియున్నవి. ఆ ప్రాంతమునకు పోయినప్పుడు మీరు చూడదగినది. అయితే ఇటువంటివన్నియు ఎక్కడనో ఒకటి, చికాగో పటము మాత్రము ఇంటింటను.

ఇక తెర సంగతి. 1978లో వచ్చిన కరుణామయుడు చూడని సంఘము మన ప్రాంతములో ఉన్నదా? సినిమాహాలు లేని ఊళ్లలో గూడ గుడ్డ కట్టి చూపిరి. తరువాత దయాసాగర్ అను పేరుతో హిందీ మాటలు చెప్పించి ఉత్తరదేశపు పల్లెలకు తీసికొనిపోయిరి. సిలువ మోయు ఘట్టములో మోదుకూరి జాన్సన్‌గారు వ్రాసిన పాట మంచి శుక్రవారమున నేటికిని వినబడుచునే యున్నది. విజయచందర్‌గారి నడక, చూపు, మెల్లగా మాటలాడు తీరు జనులకు ఎంత హత్తుకొన్నవనగా, ప్రభువు అనినంతనే అనేకులకు ఆయన ముఖమే తోచును. చికాగో పటమునకు ఇది ఒక జవాబు. ప్రభువు మొదటిసారి మన పల్లెలలో తెలుగువానివలె నోరు విప్పెను. దాని మేలు నేను తక్కువ చేయను.

అయినను ఒక మాట. అదే నటుడు 1983లో ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారుగాను, 1986లో షిర్డీ సాయిబాబాగాను తెరమీద కనబడెను. అది నటుని వృత్తి, అందులో దోషము లేదు. కాని ఒకే ముఖము మూడు గోడలమీద మూడు పేర్లతో వ్రేలాడుట చూచినప్పుడైనను, తెరమీది ముఖము అరువు ముఖమని మనకు జ్ఞాపకము రావలెను. మరియొకటి. ఆ చిత్రములో మీ దృష్టి ఎప్పుడును ప్రభువుమీదనే యుండును. ఈసారి ఆయన చుట్టునున్న గుంపును చూడుడు. కుష్ఠరోగులు, కూలివారు, బిచ్చగాండ్రు. మనమున్నది అక్కడ. తెరమీద మనకు సాధారణముగా దొరకు స్థలము అదియే, స్వస్థత పొందుటకు చేతులు చాచిన గుంపు.

తెరకు నోరులేని కాలమొకటి యుండెను. బొమ్మలు కదలును గాని మాటలాడవు. చీకటిలో ఒక మనుష్యుడు నిలువబడి, తెరపై జరుగుదానికి తగినట్లు కథను సంభాషణలను బిగ్గరగా చదువవలెను. రాజమహేంద్రవరములో 1915–16 ప్రాంతమున ఈ పని చేసినవారిలో ఇరువది యేండ్ల పడుచువాడొకడు కలడు. వినుకొండలో 1895లో పుట్టినవాడు, తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవుల ఇల్లు. ఆయనయే గుఱ్ఱం జాషువ. ఈ సంగతి తలచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును. వెలుగులోనున్న బొమ్మలు ఎవరివో, చీకటిలోనున్న గొంతు ఎవరిదో! టిక్కెట్టు కొని విన్నవారిలో ఎందరు పగటివేళ ఆ గొంతుగలవానిని తమ అరుగుమీద కూర్చుండనిచ్చియుందురు?

జాషువగారి గబ్బిలము 1941లో వచ్చెను. దానికి మూడేండ్లకు ముందు, 1938లో, మాలపిల్ల అను చిత్రము వచ్చెను. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుమని మిమ్మును వేడుకొనుచున్నాను. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే ముఖ్య కారణము.

మొదట చిత్రము. తెలుగు టాకీలు పుట్టి అప్పటికి ఆరేండ్లు. వానిలో అధికభాగము పురాణకథలే. అట్టి దినములలో గూడవల్లి రామబ్రహ్మంగారు, చల్లపల్లి జమీందారుగారి పెట్టుబడితో నడచిన సారథి సంస్థ పక్షమున, అంటరానితనమును గూర్చి చిత్రము తీసిరి. కథ చలముగారిది. మాటలు తాపీ ధర్మారావుగారివి, పుస్తకభాష కాక ఇంటిలో మాటలాడుకొను తెలుగు. కాంచనమాలగారు మాలపిల్లగా నటించిరి. గుడి ధర్మకర్తయైన శాస్త్రిగారి కుమారుడు ఆ పిల్లను ప్రేమించును, ఇద్దరును కలకత్తా వెళ్లిపోవుదురు. ఆ పేరు పెద్ద అక్షరములతో గోడలమీద అంటించుటయే ఆ దినములలో ధైర్యము. తిట్టుగా మాత్రమే పలికిన పేరును జనులు టిక్కెట్టు అడుగుటకు పలుకవలసి వచ్చెను.

ఇంతవరకు మెచ్చుకొని, కథ ముడి విప్పిన తీరు చూతము. శాస్త్రిగారి భార్య మంటలలో చిక్కుకొనును. పల్లెవాడొకడు ప్రాణమునకు తెగించి లోనికి దూకి ఆమెను బ్రదికించును. అప్పుడు శాస్త్రిగారి మనస్సు మారును, గుడి తలుపు తెరువబడును, పెండ్లికి దీవెన దొరకును. ప్రేక్షకులు కన్నీరు కార్చిరి, కార్చదగినదే. కాని చదువరీ, నెమ్మదిగా ఆలోచించుము. శాస్త్రిగారు మనుష్యుడగుటకు ఏ మంటలోను దూకలేదు. పుట్టుటతోనే ఆయన మనుష్యుడు. పల్లెవాడు మాత్రము ఒళ్లు కాల్చుకొని ఆ పేరు సంపాదింపవలసి వచ్చెను. ఒకవేళ ఆ దినమున ఇల్లు అంటుకొనకపోయినచో? అతడు ప్రక్క ఊరికి కూలికి పోయియుండినచో? గుడి తలుపు మూసియే యుండెడిది.

కథ వ్రాసినవారు, మాటలు కూర్చినవారు, తీసినవారు, సొమ్ము పెట్టినవారు, వీరిలో ఎవరును ఆ పల్లెనుండి వచ్చినవారు కారు. అందరును సదుద్దేశము గలవారే. అయినను చూచు కన్ను ఊరిలోనుండి పల్లెవైపు చూచినది. ఆ కన్నునకు పల్లెవాడు మూడు విధములుగా కనబడును: కృతజ్ఞుడు, త్యాగి, జాలిపడదగినవాడు. ఆ తరువాత ఎనుబది యేండ్లకు పైగా మన చిత్రములలో ఎక్కువభాగము ఈ మూడింటితోనే సరిపెట్టుకొన్నవి. నాలుగవ విధము ఒకటి తరువాత చేరినది: రెండవ రీలులో చంపబడి నాయకునికి కోపము తెప్పించువాడు.

ఇక గబ్బిలము. కాళిదాసు మేఘసందేశములో యక్షుడొకడు మేఘముచేత భార్యకు కబురు పంపును. జాషువగారు ఆ పద్ధతినే తీసికొనిరి గాని, పంపువాడు యక్షుడు కాదు, అరుంధతి బిడ్డ, అనగా మాదిగవాడు. కబురు విరహమును గూర్చినది కాదు, ఆకలిని అవమానమును గూర్చినది. చేరవలసినది కాశీలోని శివునికి. తీసికొనిపోవునది చీకటివేళ గుడిసెలో దూరి రెక్కల గాలికి ఆముదపు దీపమును ఆర్పిన గబ్బిలము. గబ్బిలమే ఎందుకు? అది గుడిలో దూలమునకు తలక్రిందుగా వ్రేలాడును, దేవుని చెవిదగ్గరకు పోగలదు. దానిని ఎవరును వెళ్లగొట్టరు. మనుష్యుడు పోరాదు, గబ్బిలము పోవచ్చును. ఇంతకంటె పెద్ద నిందను ఇంత మెల్లగా తెలుగులో మరియెవరు పలికిరో నాకు తెలియదు.

ఈ మనుష్యుడు ఎవరిని మంటలనుండి రక్షింపడు. తాను మంచివాడనని ఋజువు చూపడు. ఊరకే తన సంగతి తాను చెప్పుకొనును. దారిలో గబ్బిలమునకు ఆంధ్రదేశపు పాత వైభవము చూపును, తనదియైన దేశమును చూపినట్లు చూపును. తన్ను వెలివేసిన దేశమును ఇది నాది అని చెప్పగలిగినవాడు జాలి అడుగువాడు కాడు.

భాషను చూడుడు, ఇక్కడ విచిత్రము కలదు. ఊరిలో పుట్టి చదువుకొన్న పెద్దలు పల్లెకథ చెప్పుటకు వాడుకభాషకు దిగిరి. పల్లె రక్తముగల జాషువగారు వాడుకభాష పట్టుకొనలేదు. పండితులు ఇది మాది అనుకొన్న ఛందస్సును, సమాసములను, పద్యమును పట్టుకొనెను. ఆ పద్యమును విని సభలలో కులమడిగి లేచిపోయినవారు కలరు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారివంటి మహాకవి స్వయముగా ఆయన కాలికి గండపెండేరము తొడిగినదియు నిజమే. వాడుకభాష ఉద్యమమును నేను ఆక్షేపించుట లేదు. గిడుగువారు లేకున్న మన పిల్లల చదువు ఏమైయుండునో! అయితే ఒకనికి వదలుకొనుట స్వాతంత్ర్యమైనది, ఎన్నడును చేతికి రానివానికి పట్టుకొనుట స్వాతంత్ర్యమగును.

క్రైస్తవ ఇంట పుట్టినవాడు శివునికి విన్నపము పంపుటయేమి అని అడిగినవారు ఆనాడు కలరు, నేడును కలరు. ఆ ప్రశ్నకు నా సమాధానమిది. మాటలాడునది కవి కాదు, తలుపు బయట నిలువబడినవాడు. మూసిన తలుపు ఏదో దానినే అతడు తట్టును. మనము తొందరపడి ఆ తలుపు ఇతరులది అని తృప్తిపడనక్కరలేదు. ఒకే ఊరిలో మాలలకొక గుడి, మాదిగలకొక గుడి ఉన్న చోట్లు మనకు తెలియనివి కావు. వానిలోనికి గూడ గబ్బిలములు రెంటికిని తేడాలేక పోవుచున్నవి. జాషువగారు తరువాత క్రీస్తు చరిత్ర అను కావ్యము వ్రాసిరి. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. అది మన సంఘములలో ఎందరి యిండ్లలో ఉన్నదో ఎవరికివారు చూచుకొనవచ్చును.

ఇప్పుడు మన నాలుకను గూర్చి. మీ గుడిలో ప్రార్థన చేయు ఒక కూలివానిని వినుడు. పొలములో వాడు పొమ్మంటే పో, రమ్మంటే రా అనును. మోకాళ్లూనగానే కృప చూపుము, దయచేయుము, మన్నించుము అనును. ఈ తెలుగు వాడు పుట్టిన గుడిసెలోనిది కాదు. విశాఖపట్టణములో లండన్ మిషనువారైన క్రాన్, డెగ్రాంజి అనువారు ఆనందరాయరు అను బ్రాహ్మణ పండితుని సహాయముతో సువార్తలను తెలుగు చేయ మొదలిడినప్పటినుండి తరతరముల చేతులు మారి మనకు వచ్చిన భాష అది. 1812లో దానిలో కొంత సేరంపూరులో అచ్చయినది. దానిని నవ్వువారు కలరు. పాదిరి తెలుగు అని పేరు పెట్టిరి. వాక్యములు కొన్ని వంకరగా నున్నమాట నిజమే.

కాని నవ్వువారు ఒక సంగతి మరచిరి. దొర యెదుట బాంచన్ అని తప్ప మరియొక మాట పలుకుటకు వీలులేని నోటికి, నిండు వాక్యము మొదటినుండి చివరివరకు ఎవరును అడ్డు తగులకుండ పలుకగలిగిన చోటు ఒకటి దొరికెను. పుస్తకభాష ఆ నాలుకమీదికి వచ్చెను. వినువారు వందమంది తలలు వంచి వినిరి. జాషువ పద్యమునకు ఈ పామర ప్రార్థన దూరపు చుట్టము కాదు.

దీనికి చెల్లించిన వెల గూడ చెప్పవలెను. అనేక చోట్ల గుడిలోనికి వచ్చినవారు డప్పును బయట పెట్టి రావలసి వచ్చెను. అది అమ్మవారి జాతరలో మ్రోగినది గనుక అపవిత్రమనిరి. కొట్టిన చేతులను కడిగి లోనికి తెచ్చిరి గాని వాయిద్యమును కడుగ తలంపలేదు. హార్మోనియము గూడ పరదేశపు వాయిద్యమే, దానికి ఏ ఆటంకమును లేదు. అట్లే వలపోతలు, నాట్లపాటలు, అమ్మమ్మల సామెతలు గుమ్మము బయట మిగిలిపోయినవి. నాట్లు వేయునప్పుడు ఒక మనుష్యుడును, ఆరాధనలో మరియొక మనుష్యుడునుగా ఒకే మనుష్యుడు బ్రదుకుట అలవాటు చేసికొన్నాడు.

సినిమా మరియొక విధముగా నాలుకను విభజించినది. ఎన్నో యేండ్లు నాయకుడు కృష్ణా గుంటూరు మాట పలికెను. తెలంగాణము మాట హాస్యగానికి, దుండగునికి; శ్రీకాకుళము మాట పనివానికి; రాయలసీమ మాట కత్తి పట్టినవానికి. హాలులో కూర్చున్న కరీంనగరపు పిల్లవాడు తన తల్లి మాటకు అందరును నవ్వుట విని, తానును నవ్వెను. 2017లో వచ్చిన ఫిదాలో బాన్సువాడ పిల్ల తన మాటతోనే కథానాయిక అయినది. 2023లో బలగము ఒక చావింటి కథను ఆ మాటలోనే చెప్పగా, ఊరి నడుమ తెర కట్టి చూచి జనులు గట్టిగా ఏడ్చిరి. తమ ఏడుపు తమ మాటలో వినుట వారికి క్రొత్త.

అన్నిటికంటె చిన్న కళాఖండము పేరు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షుడుగా పిలువబడిన భాగ్యరెడ్డి వర్మగారు, మాదరి భాగయ్యగా పుట్టినవారు, మమ్మును అయిదవవారని ఎవరు లెక్కించిరి, మేము ఈ నేలకు మొదటివారము అని వాదించిరి. సభ పేరు ఆది ఆంధ్ర మహాజనసభగా మారెను. తరువాత గాంధీగారు హరిజనులనిరి. దానిని ప్రేమతో తీసికొన్నవారును, మాకెవరును పేరు పెట్టనక్కరలేదు అన్నవారును కలరు. ఇప్పుడు దళితులనుచున్నాము. ఈ పేర్లలో కొన్ని ఇతరులు ఇచ్చినవి, కొన్ని మనవారు ఎన్నుకొన్నవి.

బాప్తిస్మపు పేరు సంగతి మాత్రము ఇంకను తెగలేదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులములవారిని హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రములలో వారికి వెనుకబడిన తరగతుల సి వర్గములో నూటికి ఒకటి చొప్పున చోటు కలదు. 2022లో కేంద్ర ప్రభుత్వము మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన విచారణ సంఘమును నియమించెను. ఈలోగా సంఘపు రిజిస్టరులో ఏసుపాదమై, తహసీలుదారు కార్యాలయపు పత్రములో వెంకటేశ్వర్లై ఒకే పిల్లవాడు పెరుగుచున్నాడు. అమ్మ పొలమునుండి ఒక పేరుతో కేకవేయును, పంతులు బడిలో మరియొక పేరుతో హాజరు వేయును. పదవ తరగతి పరీక్ష దరఖాస్తు ఇంటికి వచ్చిన రాత్రి తండ్రి దీపము దగ్గర కూర్చుండి, కలము చేతబట్టి, పేరు అను గడియెదుట చాలసేపు ఆగును.